కత్తి లేని ఆపరేషన్‌కు దారి చూపిన పాల్ లాంజెవిన్

భూతద్దంతో ఎండను ఒకచోట చేర్చి కాగితం కాల్చడం చిన్నప్పుడు మనమంతా చేసిందే. అలాగే చెవికి వినిపించని శబ్దాన్ని శరీరం లోపల ఒకే బిందువు దగ్గర చేర్చి, చర్మం కోయకుండా చెడిన భాగాన్ని మాత్రమే వేడితో నాశనం చేసే వైద్యం నేడు ఉంది. దీనికి కావలసిన ముఖ్య పరికరం ట్రాన్స్‌డ్యూసర్. ఇది విద్యుత్తును కంపనంగా, కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. దాన్ని శక్తిమంతంగా తయారుచేసి చూపిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ జీవితం మన హాస్టల్ విద్యార్థులందరూ తెలుసుకోవాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

లాంజెవిన్ 1872 జనవరి 23న పారిస్‌లో జన్మించాడు. తండ్రి భవన నిర్మాణ పనుల కొలతలు తీసి లెక్కలు సరిచూసే ఉద్యోగి. ఆస్తిపాస్తులున్న ఇల్లు కాదు. 1888లో పారిస్ నగరం నడిపే భౌతిక, రసాయన శాస్త్ర పాఠశాలలో చేరాడు. అక్కడ పియరీ క్యూరీ ఆయనకు గురువు. తర్వాత నగరం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1897లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళి జె.జె.థామ్సన్ వద్ద పరిశోధన చేశాడు. ప్రజల సొమ్ముతో చదువుకున్న ఆ కుర్రవాడు 1909లో కాలేజ్ డి ఫ్రాన్స్‌లో ప్రొఫెసర్ అయ్యాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం అడుగున దాగిన జలాంతర్గాములను కనిపెట్టడం పెద్ద సమస్య అయింది. 1915లో రష్యన్ ఇంజనీరు చిలోవ్‌స్కీతో కలిసి లాంజెవిన్ ఈ పనికి పూనుకున్నాడు. అప్పుడు గురువుగారి పాత పరిశోధన ఆయనకు అక్కరకు వచ్చింది. క్వార్ట్జ్ స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దానికి విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది కూడా.

కాని ఒక చిక్కు ఉంది. సెకనుకు సుమారు 40 వేల కంపనాలు కావాలంటే దాదాపు 7 సెంటీమీటర్ల మందం గల క్వార్ట్జ్ పలక కావాలి. వెడల్పులో కూడా పెద్దదిగా ఉండే అంతటి స్ఫటికం దొరకడం దుర్లభం. లాంజెవిన్ పలుచని క్వార్ట్జ్ ముక్కలను గచ్చు మీద రాళ్ళు పరిచినట్లు పరిచి, వాటిని రెండు మందపాటి ఉక్కు పలకల మధ్య అతికించాడు. ఇప్పుడు మొత్తం కలిసి ఒకే పెద్ద స్ఫటికంలా కంపించింది. 1918లో జలాంతర్గామి నుంచి ప్రతిధ్వని అందింది.

ఆ ప్రయోగాలలోనే మరో సంగతి బయటపడింది. శబ్దపు దారిలోకి వచ్చిన చేపలు చచ్చిపోయాయి. నీటిలో చేయి పెడితే నొప్పి పుట్టింది. శబ్దానికి జీవకణాల మీద ఇంత ప్రభావం ఉందని తెలిసింది అప్పుడే. అయితే ఆ పరికరంతో ఆపరేషన్ చేయడం సాధ్యం కాదు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 40 వేల కంపనాలకు ఒక్కో తరంగం పొడవు 4 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంతకన్నా బాగా చిన్న బిందువుగా దాన్ని చేర్చలేము. కంపనాలు 10 లక్షలైతే తరంగం ఒకటిన్నర మిల్లీమీటర్లే. ట్రాన్స్‌డ్యూసర్‌ను గిన్నెలా వంచితే తరంగాలన్నీ ఒకచోట కలుస్తాయి. 1942లో అమెరికాలో లిన్, ఆయన సహచరులు జంతువులపై ఇది చేసి చూపారు. 1950లలో ఇల్లినాయిస్‌లో ఫ్రై సోదరులు మెదడు చికిత్సకు దీన్ని మలిచారు. అప్పట్లో పుర్రె ఎముకను కొంత తొలగించాల్సి వచ్చేది. 2016లో అమెరికాలో చేతుల వణుకు జబ్బుకు అనుమతి పొందిన పరికరానికి ఆ అవసరం లేదు. శిరస్త్రాణం వంటి దానిలో 1024 చిన్న ట్రాన్స్‌డ్యూసర్లు ఉంటాయి. పుర్రె మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక, తరంగాలన్నీ లోపల ఒకేసారి కలిసేలా ఒక్కోదాని సమయాన్ని కంప్యూటర్ సరిచేస్తుంది.

లాంజెవిన్ ప్రయోగశాలకే పరిమితం కాలేదు. ఫాసిజాన్ని బహిరంగంగా ఎదిరించాడు. 1940 అక్టోబరు 30న జర్మన్లు ఆయనను అరెస్టు చేశారు. జైలు తర్వాత ట్రోయ్ పట్టణంలో నిఘాలో ఉంచారు. 1942లో అల్లుడు జాక్ సోలొమన్‌ను కాల్చి చంపారు. కూతురు హెలెన్‌ను ఆష్‌విట్జ్‌కు పంపారు, ఆమె ప్రాణాలతో తిరిగివచ్చింది. ఆయన 1944లో స్విట్జర్లాండుకు తప్పించుకున్నాడు. విముక్తి తర్వాత విద్యా సంస్కరణల సంఘానికి అధ్యక్షుడై, ఏ ఇంట పుట్టిన బిడ్డకైనా 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువు అందాలనే ప్రణాళికకు నాయకత్వం వహించాడు. అది పూర్తి కాకముందే 1946 డిసెంబరు 19న మరణించాడు. 1948లో ఆయన అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు చేర్చారు.

మిత్రులారా! ఒక నగరం ఇచ్చిన స్కాలర్‌షిప్ ఎంత దూరం పోయిందో చూడండి. మనం కూడా ప్రజల సొమ్ముతోనే తింటున్నాము, చదువుతున్నాము. దీన్ని దయగా భావించి తల వంచుకోవలసిన పని లేదు. ఇది మన హక్కు. దాన్ని అందుకుని ఎదిగినవారు, రేపు చదువుకోబోయే పిల్లల కోసం నిలబడాలి. లాంజెవిన్ చివరిదాకా చేసింది అదే.