ఆర్నెమ్ పరాజయం: జనరల్ బ్రౌనింగ్ చెవిన పెట్టని హెచ్చరిక

దేశ రాజధానిలోని నేటి సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం బ్రిటిష్ హయాంలో విల్లింగ్డన్ విమానాశ్రయం. భారత సైనికులకు పారాచూట్ శిక్షణనిచ్చే పాఠశాల 1941లో అక్కడే ప్రారంభమైంది. ఆ ఏడాది అక్టోబరులోనే 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ ఢిల్లీలో రూపుదిద్దుకుంది. రెండేళ్ల తరువాత ఆ బ్రిగేడ్‌ను పరిశీలించేందుకు బ్రిటన్ నుంచి వచ్చిన సేనాని మేజర్ జనరల్ ఫ్రెడరిక్ బ్రౌనింగ్. మరో ఏడాదికే ఆయన పేరు ఒక ఘోర వైఫల్యంతో ముడిపడింది.

బ్రౌనింగ్ 1896 డిసెంబరు 20న లండన్‌లో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నాటి కాంబ్రే పోరాటంలో కనబరచిన ధైర్యానికి డీఎస్‌వో పతకం అందుకున్నారు. 1928 శీతాకాల ఒలింపిక్స్‌లో బాబ్‌స్లెడ్ క్రీడలో బ్రిటన్ తరఫున పోటీపడ్డారు. 1932లో రచయిత్రి డాఫ్నీ డు మారియర్‌ను వివాహమాడారు. ఆమె నవల ‘రెబెక్కా’ తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

1941 నవంబరులో బ్రిటన్ తొలి ఎయిర్‌బోర్న్ డివిజన్ బాధ్యతలు బ్రౌనింగ్‌కు దక్కాయి. పారాచూట్లు, గ్లైడర్ల ద్వారా శత్రుభూమిపై దిగే దళాలను ఆయన పట్టుదలతో తీర్చిదిద్దారు. భారత పారాచూట్ సైనికులు నేటికీ ధరించే మెరూన్ రంగు టోపీని బ్రిటిష్ దళాలు ఆయన హయాంలోనే స్వీకరించాయి.

1943 సెప్టెంబరు పర్యటనలో బ్రౌనింగ్ నాటి భారత సర్వసేనాధిపతి ఆకిన్‌లెక్‌తో చర్చలు జరిపారు. భారత్‌లోని బ్రిగేడ్‌ను పూర్తిస్థాయి డివిజన్‌గా విస్తరించే ఆలోచన అక్కడ బలపడింది. దాని సారథ్యానికి, బ్రిటన్‌లో ఒకటో ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను నడుపుతున్న మేజర్ జనరల్ ఎర్నెస్ట్ డౌన్‌ను పంపించారు. డౌన్ స్థానంలో ఆ డివిజన్‌కు వచ్చిన రాయ్ అర్కర్ట్‌కు పారాచూట్ దళాల అనుభవం లేదు. ఆర్నెమ్‌లో దిగవలసి వచ్చింది ఆ డివిజనే.

1944 సెప్టెంబరు 17న ఆపరేషన్ మార్కెట్ గార్డెన్ మొదలైంది. నెదర్లాండ్స్‌లోని వంతెనలను ఆకాశం నుంచి దిగిన దళాలు స్వాధీనం చేసుకోవాలి. ఒకే రహదారి మీదుగా వచ్చే ట్యాంకులు వారిని కలుసుకుని, ఆర్నెమ్ వద్ద రైన్ నదిని దాటాలి. ఇదీ ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీ వ్యూహం. అప్పటికి లెఫ్టినెంట్ జనరల్ అయిన బ్రౌనింగ్ రంగంలోని ఎయిర్‌బోర్న్ కోర్‌కు అధిపతి.

ముప్పును ముందే పసిగట్టిన వ్యక్తి ఆయన కార్యాలయంలోనే ఉన్నారు. గూఢచార విభాగం అధికారి, 25 ఏళ్ల మేజర్ బ్రయన్ అర్కర్ట్, ఆర్నెమ్ సమీపంలో జర్మన్ ట్యాంకులున్నట్లు చూపే వైమానిక ఛాయాచిత్రాలను తెప్పించారు. ఆ హెచ్చరికను పక్కనపెట్టి, అనారోగ్యం పేరిట ఆయన్ను సెలవుపై పంపించివేశారు. ఈ అధికారే తదనంతరం ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ వ్యవస్థ నిర్మాతల్లో ఒకరయ్యారు.

తగినన్ని విమానాలు లేక దళాల తరలింపు రోజుల తరబడి సాగింది. అయినా బ్రౌనింగ్ తన ప్రధాన కార్యాలయ సిబ్బంది కోసం తొలిరోజే 38 గ్లైడర్లను వాడుకున్నారు. సైనికులు దిగిన మైదానాలు ఆర్నెమ్ వంతెనకు పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. వంతెన ఉత్తర కొసకు చేరగలిగింది దాదాపు 740 మందే. రేడియో సంబంధాలు తెగిపోయాయి. దక్షిణాన నైమేగెన్ వంతెన 20వ తేదీ సాయంత్రం వరకూ మిత్రపక్షాల చేజిక్కలేదు. ఆర్నెమ్ ప్రాంతంలో దిగిన సుమారు 10,000 మందిలో, 25వ తేదీ రాత్రి నది దాటి వెనుదిరిగినవారు 2,400 మంది మాత్రమే. దాదాపు 1,500 మంది నేలకొరిగారు. మిగిలినవారిలో అత్యధికులు బందీలయ్యారు.

ఆ తరువాత నింద మరొకరిపై పడింది. ప్రణాళికలోని లోపాలను ముందే ఎత్తిచూపిన పోలండ్ పారాచూట్ బ్రిగేడ్ నాయకుడు స్టానిస్లావ్ సోసబోవ్‌స్కీ సహకరించలేదంటూ బ్రౌనింగ్ పై అధికారులకు లేఖ రాశారు. 1944 డిసెంబరులో సోసబోవ్‌స్కీ పదవి కోల్పోయారు. యుద్ధానంతరం ఆయన లండన్‌లో కర్మాగార కార్మికుడిగా జీవించారు.

బ్రౌనింగ్ మాత్రం అదే డిసెంబరులో సిలోన్‌లోని కాండీ చేరుకుని, మౌంట్‌బాటన్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యారు. 1946లో సర్ బిరుదు లభించింది. అయితే సైన్యంలో అంతకుమించిన హోదా దక్కలేదు. 1948 నుంచి రాజకుటుంబ సేవలో కొనసాగారు. 1957లో మానసికంగా కుంగిపోయి, 1959లో విధుల నుంచి తప్పుకున్నారు. 1965 మార్చి 14న కన్నుమూశారు. తరువాతి కాలంలో ‘గాంధీ’ చిత్రాన్ని రూపొందించిన రిచర్డ్ అటెన్‌బరో 1977లో ఈ యుద్ధగాథను తెరకెక్కించినప్పుడు, అందులో భర్తను చిత్రించిన తీరు డు మారియర్‌ను ఎంతో బాధించింది.

ఢిల్లీలో పుట్టిన 50వ బ్రిగేడ్ నేటికీ భారత సైన్యంలో కొనసాగుతోంది. ఆర్నెమ్ పోరాటానికి గాను నెదర్లాండ్స్ ప్రభుత్వం సోసబోవ్‌స్కీని 2006లో ‘కాంస్య సింహం’ పతకంతో గౌరవించింది. అప్పటికి ఆయన మరణించి 39 ఏళ్లు.