కెంపును కరిగించి పోసిన వెర్నోయ్

పాత చేతిగడియారాల ముఖంపై 17 జ్యువెల్స్ అనే మాటను మనలో అనేకులు చదివే ఉంటారు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా లోపల అమర్చిన కెంపులవి. మన ఉర్దూ విద్యార్థులు యాఖూత్ అనే రాయి ఇదే. కాని వాటిని గనిలో త్రవ్వలేదు, కొలిమిలో పోశారు. ఆ మార్గం చూపినవాడు ఆగస్ట్ వెర్నోయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు.

1856లో డంకర్క్ పట్టణంలో జన్మించిన వెర్నోయ్ పదిహేడవ యేట పారిస్‌లో ఫ్రెమీ అనే ఆచార్యుని ప్రయోగశాలలో సహాయకుడుగా చేరాడు. అక్కడ పనిచేస్తూనే 1886లో డాక్టరేటు పొందాడు. గురుశిష్యులు అల్యూమినాను బేరియం ఫ్లోరైడుతో కలిపి మూసలో రోజుల తరబడి కాచారు. కెంపులైతే వచ్చాయి, కాని పలుచని చిన్న రేకులుగానే వచ్చాయి.

అల్యూమినా కరగడానికి సుమారు 2,050 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అంత వేడిలో మూసతోనే చిక్కు. వెర్నోయ్ మూసనే విడిచిపెట్టాడు. మెత్తని అల్యూమినా పొడిలో కొద్దిగా క్రోమియం ఆక్సైడు కలిపి, చిన్న సుత్తి తట్టినప్పుడల్లా చిటికెడు చొప్పున రాలేటట్లు అమర్చాడు. ఆ పొడి ఆమ్లజని, ఉదజనుల జ్వాల గుండా పడుతూ కరిగి, క్రిందనున్న కడ్డీ మొనపై గడ్డకడుతుంది. మొన సన్నగా ఉండటమే కీలకం. అక్కడ మొదలైన ఒకే స్ఫటికంపై తక్కిన ద్రవమంతా అదే అమరికలో పేరుకొని బుంగ ఆకారం దాల్చుతుంది. చల్లారినప్పుడు లోపలి ఒత్తిడివల్ల అది నిలువునా రెండుగా చీలడం పరిపాటి. వింత యేమంటే అల్యూమినా తెల్లనిది, క్రోమియం ఆక్సైడు ఆకుపచ్చనిది. పుట్టేది మాత్రం ఎరుపు!

ఈ పద్ధతి వివరాలను వెర్నోయ్ 1891, 1892 సంవత్సరాలలో పారిస్ విజ్ఞాన అకాడమీకి ముద్రవేసిన కవర్లలో అప్పగించి ఊరకున్నాడు. లోకానికి వెల్లడించినది 1902లో. నేడు చిన్న ఫలితానికే తొందరపడే మాబోటివారికి ఆ పదేండ్ల మౌనం ఆశ్చర్యం గొలుపుతుంది. తరువాత ఇనుము, టైటానియం ఆక్సైడులు కలిపి నీలాన్ని కూడ సాధించి, 1913లో మరణించాడు.

ఆ కెంపు నకిలీయా? గాజు కాదది, పదార్థమూ స్ఫటిక నిర్మాణమూ గని కెంపువే. అయినా వర్తకులు భూతద్దంతో పరీక్షించి, లోపల వంపుగీతలు, గుండ్రని గాలిబుడగలు కనిపిస్తే దాని వెల తగ్గిస్తారు. గడియారం బాగుచేసేవారికి ఆ గీతలతో పనిలేదు.