సందేహాన్ని జయించిన సైనికుడు

విజయవాడలోని ఆంధ్ర లొయోలా కాలేజి పేరు తెలుగునాట చదువుకున్నవాళ్ళలో వినని వారుండరు. 1953లో ప్రారంభమైన ఆ కాలేజీకి పేరిచ్చిన లొయోలా ఎవరయ్యా అంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. లొయోలా అనేది ఉత్తర స్పెయిన్‌లోని బాస్కు ప్రాంతంలో ఒక కోట. 1491 ప్రాంతంలో ఆ కోటలో పుట్టిన ఇనిగో అనే జమీందారీ బిడ్డే తరువాత ఇగ్నేషియస్ లొయోలా అయ్యాడు. ఆయన స్థాపించిన జెస్యూట్ సభ గురించీ, కాలేజీల గురించీ చాలామంది రాశారు. నేను రాయబోయేది ఆయన జీవితంలోని కొద్ది నెలల సంగతి.

కుర్రతనంలో ఇనిగోకి కత్తి, గుర్రం, మంచి బట్టలు, రాచనగరులో పేరు తప్ప వేరే ధ్యాస లేదు. 1521 మే 20న పాంప్లోనా కోట మీద ఫ్రెంచివాళ్ళు దాడి చేసినప్పుడు ఫిరంగి గుండు తగిలి ఒక కాలు నుజ్జయింది, రెండోదీ గాయపడింది. ఇంటికి తెచ్చాక ఎముక సరిగా అతకలేదని మళ్ళీ విరగ్గొట్టి కట్టారు. అప్పటికీ మోకాలి కింద ఎముక పొడుచుకొచ్చింది. బూటు అందంగా పట్టదని దాన్ని కోయించుకున్నాడు! మత్తుమందు లేని రోజులవి. అంతటి మొండివాడు. మంచంలో ఉండగా చదవటానికి దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. అవి మనిషినే మార్చేశాయి. 1522 మార్చిలో మోంట్‌సెరాట్ కొండ మీది మఠానికి వెళ్ళి, మూడు రోజులపాటు తన జీవితంలోని పాపాలన్నీ కాగితం మీద రాసి పాపసంకీర్తనం చేశాడు. కత్తి అక్కడ వదిలేసి, గోనె గుడ్డ కట్టుకుని పక్కనున్న మాన్రేసా పట్నం చేరాడు.

అక్కడ మొదలైంది అసలు యుద్ధం. మూడు రోజులు చెప్పినా ఏదో ఒక పాపం చెప్పలేదేమోనన్న అనుమానం పట్టుకుంది. మళ్ళీ చెప్పేవాడు. బయటికి రాగానే, చెప్పాను గానీ సరిగా చెప్పానా అని ఇంకో అనుమానం. గుర్తున్నదంతా రాయమని ఒక పండితుడు సలహా ఇస్తే రాశాడు. రాసిన కొద్దీ ఇంకా సన్నటి సంగతులు గుర్తుకొచ్చాయి. రోజుకి ఏడు గంటలు మోకాళ్ళ మీద ప్రార్థన చేసినా ఫలితం లేకపోయింది. లాటిన్‌లో ఈ పీడకు పెట్టిన పేరుకి మూలార్థం చిన్న వాడి రాయి. చెప్పులో దూరిన రాయి బాధ మన వేమనకూ తెలుసు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాపసంకీర్తనం వినే గురువు, గతంలోవి ఇక చెప్పొద్దు, మరీ స్పష్టంగా ఉన్నది ఏదైనా ఉంటే తప్ప, అని ఆజ్ఞాపించాడు. మంచి ఆజ్ఞే. కానీ ఆ చివరి మినహాయింపే కొంప ముంచింది. అనుమానంతో సతమతమయ్యేవాడికి ప్రతిదీ స్పష్టంగానే కనపడుతుంది కదా! ఏ మినహాయింపూ లేకుండా వద్దంటే బాగుండునని ఇగ్నేషియస్‌కి లోపల తోచింది గానీ, ఆ మాట గురువుతో అనే ధైర్యం లేకపోయింది. గదిలో ప్రార్థన చేసే చోటికి దగ్గరలోనే పెద్ద కంత ఒకటి ఉండేది. అందులోంచి దూకి చచ్చిపోదామన్న కోరిక పదేపదే వచ్చేది. అలా చేయను దేవుడా అని కేకలు పెట్టి ఆపుకునేవాడు. ఒకసారి ఆదివారం నుంచి ఆదివారం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. గురువుకి తెలిసి గట్టిగా మందలించి తినిపించాడు. రెండు రోజులు హాయిగా గడిచింది. మూడో రోజు పాపాలు మళ్ళీ ఒకదాని వెంట ఒకటి, దారం లాగినట్లు రాసాగాయి.

అప్పుడు ఆయన ఆ ఆలోచనల వరసను పరీక్షగా చూశాడు. ఇవి ఎక్కణ్ణుంచి మొదలై ఎక్కడికి ఈడుస్తున్నాయి? చివరికి ఈ జీవితమే వద్దు, అన్నీ వదిలేసి పో అనే చోటికి. అది గ్రహించి, గతంలోది ఏదీ ఇక ఎన్నడూ చెప్పనని నిశ్చయించుకున్నాడు. మినహాయింపు లేదు. ఆ రోజు నుంచీ ఆ పీడ వదిలిందని తరువాత చెప్పుకున్నాడు.

అయిదు వందల ఏళ్ళ నాటి మనిషికి ఇవాళ డాక్టరు చీటీ రాయటం సబబు కాదు. అయినా అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓ.సి.డి. గురించి చదివినవాళ్ళకి ఇదంతా తెలిసిన దారిలాగే ఉంటుంది. మనవాళ్ళు దీన్ని చాదస్తం అని కొట్టిపారేస్తారు. హాస్టల్ గదికి తాళం వేసి, మూడంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసేవాళ్ళు, బోరు మోటారు కట్టేశామా లేదా అని అర్ధరాత్రి పొలానికి మూడుసార్లు వెళ్ళేవాళ్ళు మనలోనూ ఉన్నారు. కట్టేశావులే అని ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా ఆ ధైర్యం కాసేపే. గురువు ఎన్నిసార్లు విన్నా ఇగ్నేషియస్‌కి తృప్తి లేకపోవటం అలాంటిదే. 1966లో విక్టర్ మేయర్ అనే మనోవైజ్ఞానికుడు లండన్‌లో ఇద్దరు రోగుల విషయం ప్రకటించాడు. భయపడే వస్తువును ముట్టుకోనిచ్చి, ఆ తరువాత చేతులు కడుక్కోకుండా నర్సులు కాపలా ఉన్నారు, గదిలో కుళాయిలు కూడా కట్టేశారు. కడగకపోయినా భయం తనంతట తానే తగ్గింది. ఇప్పటి చికిత్సకి అది పునాది. దానితోపాటు క్లోమిప్రమిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులున్నాయి. అవి పనిచేయటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. బెంగుళూరు నిమ్‌హాన్స్ దాకా పోనక్కరలేదు, విశాఖలోనూ హైదరాబాదు ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 2022లో వచ్చిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. డాక్టరు లేకుండా ఇగ్నేషియస్ గట్టెక్కాడు కదా అని వాదించే మిత్రులు ఆ కంత సంగతి, ఆ వారం రోజుల ఉపవాసం సంగతి ఆలోచించాలి. ఆ కఠోర తపస్సు ఫలితంగా కడుపునొప్పి ఆయన్ని చచ్చేదాకా వదల్లేదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1523లో జెరూసలేం వెళ్ళి వచ్చాడు. ముప్పై దాటిన వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిన్ మొదలుపెట్టాడు. 1528లో పారిస్ చేరాడు. అక్కడ గదిలో ఆయనకి దొరికిన సహచరులు ఫ్రాన్సిస్ జేవియర్, పియర్ ఫేవర్. ఈ ఫేవర్ సవోయ్ కొండల్లో గొర్రెలు కాసిన రైతు బిడ్డ (ఆ మాట చదివినప్పుడు నాకు ఇంటివాడిలా అనిపించాడు). అతనికీ ఇదే సందేహాల పీడ. ఇగ్నేషియస్ తొందరపెట్టలేదు. తన సాధన క్రమాన్ని వెంటనే నెత్తిన రుద్దకుండా దాదాపు నాలుగేళ్ళు పక్కనుండి నడిపించాడు. 1540లో పోపు ఆమోదంతో సభ ఏర్పడింది. 1548లో ఆమోదం పొందిన ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో ఈ సందేహాల మీద ప్రత్యేకంగా కొన్ని సూచనలు రాశాడు. రెండు గడ్డిపరకలు శిలువలా పడివుండగా పొరపాటున తొక్కి, అది పాపమని తీర్మానించుకోవటం వేరు, తొక్కిన తరువాత పాపమేనేమో, కాదేమో అని అనుమానం కుమ్మటం వేరు అని అందులో విడదీశాడు.

1553 - 55 మధ్య తన కథను ఒక పోర్చుగీసు శిష్యుడికి చెప్పి రాయించాడు. అప్పటికి రోములో సభకు పెద్ద. 1556 జూలై 31న చనిపోయాడు. ఆ రాయించిన దానిలో కాలికి తగిలిన గుండుతోపాటు మాన్రేసా గదిలోని కంతను కూడా దాచలేదు.