శాంటియాగో రామోన్ ఇ కహాల్

శాంటియాగో రామోన్ ఇ కహాల్ (మే 1, 1852 - అక్టోబరు 17, 1934) స్పెయిన్ దేశానికి చెందిన ప్రముఖ వైద్యుడు, కణజాల శాస్త్రవేత్త. నాడీ మండలం విడివిడి కణాలతో నిర్మితమైనదని నిరూపించి, ఆధునిక నాడీశాస్త్ర పితామహునిగా పేరు పొందాడు. 1906లో కామిల్లో గాల్జీతో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఈయన నవార్ ప్రాంతంలోని పెటిల్యా దె ఆరగోన్ గ్రామంలో జన్మించాడు. చిత్రకారుడు కావాలన్నది బాల్యంలో ఆయన కోరిక. వైద్యుడైన తండ్రి దానికి సమ్మతించలేదు. చదువుపై శ్రద్ధ లేని కుమారుని కొంతకాలం మంగలి వద్ద, చెప్పులు కుట్టేవాని వద్ద పనికి కుదిర్చాడు. 1868లో తండ్రి శ్మశానం నుండి సేకరించిన ఎముకలను చూపి శరీర నిర్మాణం నేర్పగా, బాలుడు వాటి చిత్రాలు గీస్తూ ఆ శాస్త్రంపై మక్కువ పెంచుకున్నాడు. 1873లో సరగోసాలో వైద్య పట్టభద్రుడయ్యాడు. సైనిక వైద్యునిగా క్యూబా వెళ్ళి, మలేరియా బారిన పడి 1875లో తిరిగి వచ్చాడు. సైన్యంలో కూడబెట్టిన జీతంతో సూక్ష్మదర్శిని కొనుక్కున్నాడు.

నాడీకణ పరిశోధన

ఆ కాలంలో నాడీ తంతువులన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఎడతెగని వలగా ఉంటాయని పలువురు శాస్త్రవేత్తలు నమ్మేవారు. గాల్జీ కూడా వారిలో ఒకడు. వెండి లవణంతో నాడీ కణాలకు నల్లరంగు పట్టించే పద్ధతిని 1873లో ప్రకటించినది ఆయనే. ఈ పద్ధతిలో కొద్ది కణాలకు మాత్రమే రంగు పడుతుంది. అందువలన దట్టమైన అడవిలో ఒక్క చెట్టును కొమ్మలు, వేళ్ళతో సహా వేరుగా చూసినట్లు, ఒక్కొక్క కణాన్నీ పూర్తిగా చూడవచ్చు.

కహాల్ 1887లో ఈ పద్ధతిని తెలుసుకుని మెరుగుపరచాడు. ఎదిగిన జంతువులలో తంతువులను కప్పే మయలిన్ తొడుగు రంగును అడ్డుకుంటుంది. కనుక ఆ తొడుగు ఇంకా ఏర్పడని పిండాలను, పక్షి పిల్లలను పరిశీలించాడు. పక్షుల చిన్నమెదడులో ఒక కణపు తంతువు మరొక కణాన్ని సమీపించి అక్కడే ముగియడం గమనించి, 1888లో స్వయంగా స్థాపించిన పత్రికలో ప్రకటించాడు. శాఖల వంటి డెండ్రైట్లు సంకేతాన్ని గ్రహిస్తాయని, పొడవైన ఆక్సాన్ దానిని తదుపరి కణానికి చేరవేస్తుందని తరువాత వివరించాడు.

స్పానిష్ భాషలోని ఆ వ్యాసాలను ఇతర దేశాలవారు అంతగా పట్టించుకోలేదు. 1889లో సొంత ఖర్చుతో బెర్లిన్ సభకు వెళ్ళి, తన స్లైడులను ప్రదర్శించి, ప్రఖ్యాత శాస్త్రవేత్త కోలికర్‌ను ఒప్పించగలిగాడు. 1891లో వాల్డెయర్ ఈ కణానికి న్యూరాన్ అని పేరు పెట్టాడు.

నోబెల్ బహుమతి

1906 డిసెంబరు 11న గాల్జీ తన నోబెల్ ప్రసంగంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని వ్యతిరేకించాడు. మరునాడు కహాల్ అదే సిద్ధాంతానికి ఆధారాలను వివరించాడు. గాల్జీ పద్ధతే గాల్జీ అభిప్రాయాన్ని కాదన్నది.

మరణం, గుర్తింపు

కహాల్ 1934లో మాడ్రిడ్‌లో మరణించాడు. రెండు నాడీ కణాల నడుమ ఉండే అతి సన్నని ఎడం 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించింది. చిత్రకళపై బాల్యంలో కలిగిన మక్కువ వృథా పోలేదు. ఆయన స్వహస్తాలతో గీసిన నాడీకణ చిత్రాలు నేటికీ పాఠ్యగ్రంథాలలో ముద్రితమవుతున్నాయి. 2017లో యునెస్కో ఆయన పత్రాలకు ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో స్థానం కల్పించింది.