మూసీ లెక్క తేల్చిన మోక్షగుండం

డేటా ఇంటర్‌ప్రెటేషన్ సెట్ చూడగానే పేజీ తిప్పేస్తున్నారా? 1909లో మన నగరం కోసం ఓ ఇంజినీరు విప్పిన సెట్‌ను ఒకసారి చూడండి.

మేడ్చల్ హైవే మీద, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీద ఎన్ని కాలేజీలున్నాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. చివరి ఏడాదికి రాగానే అక్కడ అందరి నోటా ఒకటే మాట. ప్లేస్‌మెంట్ వస్తే సరే, లేదంటే ఎంబీఏ. శామీర్‌పేటలోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఉంది. అక్కడి నల్సార్‌లో లా మాత్రమే కాదు, ఎంబీఏ కూడా ఉంది. గేటు రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే మాత్రం స్కోరు కావాలి.

ఆ స్కోరును చాలామందికి అడ్డుకునేది డేటా ఇంటర్‌ప్రెటేషన్. మ్యాథ్స్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. కారణం ఏమిటంటే, ఈ ప్రశ్నల్లో కూడికలు, తీసివేతలు కష్టంగా ఉండవు. ఏ అంకె దేని గురించి చెబుతోంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే కష్టం. ఈ పని జీవితాంతం చేసిన మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంజినీర్స్ డే రోజు ఫొటోకి దండ వేసి వదిలేస్తాం కానీ, మీ ప్రిపరేషన్‌కు పనికొచ్చే పాఠం ఆయన జీవితంలో ఉంది.

ట్యూషన్లు చెప్పి చదివిన కుర్రాడు

ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్లిన తెలుగువాళ్లు. విశ్వేశ్వరయ్య పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో. చిన్న వయసులోనే తండ్రి పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివేటప్పుడు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ ఖర్చులు గడుపుకున్నారు. 1881లో బీఏ అయింది. తర్వాత మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణె వెళ్లి ఇంజినీరింగ్ చదివారు. 1883లో పరీక్షల్లో ఫస్ట్ ర్యాంకు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు.

ఉద్యోగంలో ఆయన పద్ధతి ఎలా ఉండేదో పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయం దగ్గర కనిపిస్తుంది. అక్కడ ఏటా వరదల సమయంలో ఆరు నుంచి ఎనిమిది అడుగుల మేర నీళ్లు అలుగు మీదుగా పొర్లిపోయేవి. ఎండాకాలం వస్తే నీటికి కటకట. కట్ట ఎత్తు పెంచుదామంటే పాత కట్ట ఆ బరువు మోస్తుందో లేదో తెలియదు. ఆయన చూసింది ఒక్క అంకెనే. ఎన్ని అడుగుల నీరు, ఏడాదిలో ఏ రోజుల్లో పోతోంది? ఆ నీటిని ఆపేలా అలుగు మీద వాటంతట అవే తెరుచుకుని, మూసుకునే గేట్లు రూపొందించారు. కట్ట పెంచకుండానే జలాశయంలో నిల్వ సుమారు పావు వంతు పెరిగింది.

ఇంత పని చేసినా, పై మెట్టు అందే దారి ఆయనకు కనిపించలేదు. యాభైకి దగ్గరపడుతున్న వయసులో, 1908లో ముందుగానే ఉద్యోగం నుంచి తప్పుకుని విదేశాలు చూడ్డానికి వెళ్లారు. చేతిలో కొత్త పోస్టు ఏదీ లేదు. సరిగ్గా ఆ సమయంలోనే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

సెట్ ఇదీ

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల బస్తీలు కొట్టుకుపోయాయి. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇలాంటిది మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్యకు బాధ్యత అప్పగించారు. ఆయన ముందున్న సమాచారంలో కొంత ఇది.

- మూసీ పరీవాహక ప్రాంతం: సుమారు 860 చదరపు మైళ్లు
- అందులోని చెరువులు: 788
- వరదలో తెగిన చెరువులు: 221
- శంషాబాద్‌లో 24 గంటల వాన: 12.8 అంగుళాలు
- అక్కడే 48 గంటల వాన: 18.9 అంగుళాలు
- నగరం దగ్గర వరద గరిష్ఠ ప్రవాహం, అంచనా: 4.25 లక్షల క్యూసెక్కులు

అయిదారు లైన్లే. క్యాట్‌లో ఇంతకంటే పెద్ద టేబుల్స్ చూసి ఉంటారు. ఇప్పుడు పెన్ను తీసుకోండి.

మొదటి ప్రశ్న. ఎంత శాతం చెరువులు తెగాయి? 788లో పావు వంతు 197. ఇంకా 24 మిగిలింది. అది 788లో సుమారు 3 శాతం. మొత్తం 28 శాతం. భాగహారం చేయాల్సిన అవసరమే రాలేదు.

రెండో ప్రశ్న. శంషాబాద్‌లో రెండు రోజుల వానలో ఒక్క రోజు వాటా ఎంత? 12.8ని 18.9తో పోలిస్తే దాదాపు మూడింట రెండొంతులు. ఆ 24 గంటలు ఈ 48 గంటల్లో భాగమే అనుకుని ఈ లెక్క చేశాం. ఆ అనుకోవడాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా జవాబులో భాగమే.

మూడో ప్రశ్న కాస్త కష్టం. గంటకు ఒక అంగుళం చొప్పున ఎకరం మీద పడిన వానంతా పారితే అది దాదాపు ఒక క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. చదరపు మైలుకు 640 ఎకరాలు. కాబట్టి 860 చదరపు మైళ్లంటే సుమారు 5.5 లక్షల ఎకరాలు. 4.25 లక్షల క్యూసెక్కులను దీంతో భాగిస్తే గంటకు 0.77 అంగుళాలు వస్తుంది. మరి శంషాబాద్ వాన సగటు ఎంత? 12.8ని 24తో భాగిస్తే గంటకు 0.53 అంగుళాలు.

ఇక్కడ ఆగండి. నదిలో పారిన నీటి వేగం, పడిన వాన సగటు కంటే ఎక్కువ ఎలా అయింది? పడిన దాని కంటే ఎక్కువ పారడం కుదరదు కదా! చాలామంది ఇక్కడ లెక్క తప్పిందనుకుని చెరిపేస్తారు. లెక్క తప్పలేదు. 0.53 అన్నది రోజంతటి సగటు. 0.77 అన్నది వరద ఉచ్ఛస్థితిలో ఉన్న కాసేపటి అంకె. వాన రోజంతా ఒకేలా పడదు, కొన్ని గంటలు కుండపోతగా ఉంటుంది. దానికి తోడు తెగిన చెరువుల్లో అంతకుముందే నిల్వ ఉన్న నీరూ కిందికి వచ్చింది. గొలుసుకట్టు చెరువుల సంగతి మీకు తెలుసు. పైచెరువుకు గండి పడితే ఆ నీరంతా కిందిచెరువు మీద పడుతుంది. అది తట్టుకోలేకపోతే దాని కింది దాని మీద.

ఇప్పుడు 28 శాతాన్ని మళ్లీ చూడండి. 567 చెరువులు నిలబడ్డాయి కాబట్టి పరవాలేదు అని చదవొచ్చు. నగరానికి ఎగువన 221 చోట్ల నీరు ఒక్కసారిగా వదిలిపెట్టినట్టయింది అనీ చదవొచ్చు. అంకె ఒకటే. ఏ ప్రశ్నకు జవాబు కోసం దాన్ని చదువుతున్నారన్నదే తేడా.

ఇక చివరి ప్రశ్న. వరదలో ఎంత భాగం చెరువులు తెగడం వల్ల వచ్చింది? ఇచ్చిన డేటాతో చెప్పలేం. ఏ చెరువులో ఎంత నీరుందో, ఏది ఎప్పుడు తెగిందో ఇందులో లేదు. అలాగే శంషాబాద్ ఒక్కచోటి వానను మొత్తం 860 చదరపు మైళ్లకు అంటగట్టలేం. చెప్పలేం అన్నది కూడా ఒక జవాబే. ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీకి ఉన్న 20 ప్రశ్నలు తిరిగేది దీని చుట్టూనే.

జవాబు కట్టగా మారింది

ఒక ప్రాంతంలో దొరికే కొద్దిపాటి వర్షపాత లెక్కలతో ఆయన సరిపెట్టుకోలేదు. పొరుగు ప్రాంతాల్లో భారీ వానలు ఎప్పుడు, ఎంత పడ్డాయో కూడా తెప్పించుకుని చూశారు. అలాంటి వాన మళ్లీ పడొచ్చన్నది అందులో తేలిన సంగతి. ఊరి మధ్యలో గోడలు ఎంత పెంచినా ఆ నీటిని ఆపడం కష్టం. కాబట్టి నగరానికి ఎగువనే పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలి, తర్వాత నెమ్మదిగా వదలాలి. దాంతోపాటు నగరంలో నది ఒడ్డులు బాగుచేయాలి, మురుగునీటి వ్యవస్థ వేయాలి. నెలల వ్యవధిలో నివేదిక ఇచ్చేసి, 1909 చివర్లో చీఫ్ ఇంజినీరుగా మైసూరు వెళ్లిపోయారు.

ఆ నివేదిక బీరువాలో మూలగలేదు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. ఇప్పటికీ పెద్ద వాన పడిందంటే జంట జలాశయాల గేట్లు ఎన్ని ఎత్తారన్నది అందరూ చూసే వార్త.

మైసూరులో కృష్ణరాజసాగర్ ఆనకట్ట పని 1911లో మొదలైంది. 1912 నుంచి 1918 వరకు ఆయన దివాన్. ఆ కాలంలోనే, 1913లో బ్యాంక్ ఆఫ్ మైసూరు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు ఇదో జీకే బిట్. ఆ బ్యాంకే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ అయి, 2017లో ఎస్‌బీఐలో కలిసింది. దేశానికి ప్రణాళికలు కావాలంటూ 1934లోనే ఆయన పుస్తకం రాశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు.

మీ ప్రిపరేషన్‌లోకి ఇలా తెచ్చుకోండి

ముందు చదవండి, తర్వాతే లెక్క. ప్రతి సెట్‌కూ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏం కొలిచారు? ఏ యూనిట్‌లో? ఎంత కాలానికి? ఏ సమాచారం ఇవ్వలేదు? దీనికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆదా చేయబోయి అయిదు నిమిషాలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

సెట్లు ఎంచుకోవడం నేర్చుకోండి. క్యాట్‌లో డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజికల్ రీజనింగ్ కలిపి ఒకటే సెక్షన్, 40 నిమిషాలు. ఇటీవలి పేపర్లలో నాలుగైదు సెట్లు వస్తున్నాయి. మొదటి నాలుగు నిమిషాలు అన్నీ తిరగేసి, మీకు అర్థమైన రెండు మూడింటిని పట్టుకోండి. ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి అన్నీ ముట్టుకుని ఏదీ పూర్తి చేయకపోవడం నష్టం.

ఐసెట్ లెక్క వేరు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లే. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. ఇక్కడ టేబుల్స్, బార్ డయాగ్రమ్స్, పై చార్టులు సూటిగానే ఉంటాయి. వేగం కావాలి. 1/7 అంటే 14.28 శాతం, 1/8 అంటే 12.5 శాతం లాంటివి నోటికి రావాలి.

సగటుకూ గరిష్ఠానికీ, శాతానికీ శాతం పాయింట్లకూ తేడా మర్చిపోకండి. ఒక కంపెనీ వాటా 20 శాతం నుంచి 25 శాతానికి వెళ్తే పెరిగింది 5 శాతం పాయింట్లు. కానీ వాటాలో వృద్ధి 25 శాతం. ఆప్షన్లలో రెండూ ఉంటాయి.

మాక్ టెస్ట్ తర్వాత స్కోరు చూసి ఫోన్ పక్కన పెట్టేయకండి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాయండి. లెక్క తప్పా, చదవడం తప్పా, అసలు ఆ సెట్ ఎంచుకోవడమే తప్పా? నాలుగు మాక్‌లయ్యేసరికి మీ బలహీనత ఏదో మీ సొంత డేటానే చెబుతుంది.

ప్రాక్టీసుకు కొత్త పుస్తకం కొనాల్సిన పని కూడా లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా తెచ్చే సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్‌లో జిల్లాలవారీ టేబుల్స్ ఉంటాయి. మన మేడ్చల్–మల్కాజిగిరి వరస పట్టుకుని, పక్క జిల్లాలతో పోలుస్తూ రోజుకో టేబుల్ మీద అయిదు ప్రశ్నలు మీరే తయారుచేసుకోండి. ప్రశ్న తయారుచేయడం వచ్చినవాళ్లకు ఉచ్చు ఎక్కడ పెడతారో కూడా తెలుస్తుంది. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లే సమయం ఒక టేబుల్‌కు సరిపోతుంది. ఈ వారం మొదలుపెట్టి, నెల తర్వాత మళ్లీ ఓ మాక్ రాసి చూడండి.