పదిహేనో శిఖరం ఎత్తు కట్టిన రాధానాథ్ సిక్దార్

మన బడిలో చదివినవాళ్లందరికీ ఆ బిట్టు గుర్తుండే ఉంటుంది. భారతదేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం ఏది అని సాంఘిక శాస్త్రం పరీక్షలో ఏటా అడిగేవారు. పుస్తకం ప్రకారం కె2 అని రాయాలి, 8,611 మీటర్లు. అది పాకిస్తాన్ అధీనంలో ఉంది కదా సార్ అని వెనక బెంచీ లేచేది. అయితే కాంచన్‌జంగ, 8,586 మీటర్లు. అందులో సగం నేపాల్‌ది కదా అని ముందు బెంచీ. పూర్తిగా మన నేల మీదే ఉండాలంటే నందాదేవి, 7,816 మీటర్లు. దక్షిణాదిలో అయితే కేరళలోని అనైముడి, 2,695 మీటర్లు. ఈ తగువు మధ్యలో ఒకరోజు సోషల్ మాస్టారు సెలవు పెడితే లెక్కల మాస్టారు ఆ పీరియడుకు వచ్చారు. ఈ అంకెలు ఎవరు చెప్పారురా, టేపు పట్టుకుని ఎవరెక్కారు అని అడిగారు. ఎవరెస్టును మనుషులు ఎక్కింది 1953లో. దాని ఎత్తును లోకానికి ప్రకటించింది 1856లో. ఆ వందకు మూడు తక్కువ ఏళ్ల తేడా మాకెవరికీ అంతవరకు తట్టనే లేదు. రాధానాథ్ సిక్దార్ పేరు నేను మొదటిసారి విన్నది ఆ పీరియడులోనే.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగితే నాకు ఆయనే గుర్తొచ్చాడు.

రాధానాథ్ 1813 అక్టోబరులో కలకత్తాలోని జొరాసాంకోలో పుట్టాడు. తండ్రి తితూరామ్. హిందూ కాలేజీలో చదువు. అక్కడ డిరోజియో అనే కుర్ర మాస్టారు పిల్లలకు ప్రశ్నలు వేయడం నేర్పాడు. రాధానాథ్ ఆయన శిష్యుల్లో ఒకడు. లెక్కలు చెప్పినది మరొకరు, జాన్ టైట్లర్. న్యూటన్ ప్రిన్సిపియా ఆయన దగ్గర చదివాడు. 1831లో సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్‌కు గోళీయ త్రికోణమితి తెలిసిన కుర్రవాడు కావలసి వచ్చి అడిగితే, టైట్లర్ ఈ శిష్యుణ్ణి పంపాడు. ఒక మాస్టారి సిఫారసు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. పందొమ్మిదో ఏట, నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఉద్యోగంలో చేరాడు. ఉద్యోగం పేరు కంప్యూటర్. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లాగరిథమ్ పట్టికలు ముందు పెట్టుకుని పొద్దస్తమానం లెక్కలు చేసే మనిషి.

ఆ సర్వే మన వైపునుంచి వెళ్లిందేనని చాలామందికి తెలియదు. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్‌లో లాంబ్టన్ ఒక ఆధారరేఖ కొలిచి పని మొదలుపెట్టాడు. అక్కడినుంచి త్రిభుజం మీద త్రిభుజం వేసుకుంటూ ఉత్తరానికి సాగారు. అర టన్ను బరువుండే థియోడొలైట్‌ను మనుషులే గుట్టల మీదికి, గుడి గోపురాల మీదికి ఎక్కించేవారు. ఎవరెస్ట్ సహాయకుడిగా వచ్చి లాంబ్టన్‌ను కలిసింది హైదరాబాదులోనే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ 1819లో జ్వరం పట్టి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో దారిలోనే పోయాడు. ఆ త్రిభుజాల వరస డెహ్రాడూన్ చేరేనాటికి ఎవరెస్ట్ దగ్గర రాధానాథ్ ఉన్నాడు. లెక్కల్లో ఇతనికి సాటివచ్చేవాళ్లు ఈ దేశంలో దొరల్లోనూ తక్కువే అని ఎవరెస్ట్ నమ్మకం. అంత నమ్మకం వల్ల ఇబ్బందీ వచ్చింది. రాధానాథ్ డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగానికి వెళ్దామనుకుంటే, పై అధికారి అనుమతి లేకుండా శాఖ మారకూడదని ఎవరెస్టే అడ్డుపడ్డాడు. మెచ్చుకున్న మనిషే తలుపు మూయడం ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు కొత్తేమీ కాదు.

1843 నాటి సంగతి ఒకటి చెప్పాలి. డెహ్రాడూన్‌లో వాన్సిటార్ట్ అనే మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత తన సామాన్లు వెట్టికి మోయించుకున్నాడు. రాధానాథ్ అడ్డుపడ్డాడు. గణకుడికి కూలీల గొడవ ఎందుకు అనుకుని ఊరుకోలేదు. కేసయింది, ఆయనకే రెండువందల రూపాయల జరిమానా పడింది. చేరినప్పటి జీతంతో చూస్తే ఆరు నెలల పైచిలుకు. శిఖరం లెక్క కన్నా ఈ జరిమానా వల్లే నాకాయన మీద గౌరవం ఎక్కువ.

ఎవరెస్ట్ ఆ ఏడాదే రిటైరయ్యాడు, ఆండ్రూ వా వచ్చాడు. నేపాల్‌లోకి సర్వే వాళ్లను రానివ్వలేదు. అందుకని 1849, 50లలో నికల్సన్ బీహారు మైదానాల్లోంచే హిమాలయాల కోణాలు కొలిచాడు. ఒక్కో స్థానంనుంచి శిఖరం వంద మైళ్లకు పైనే. పేర్లు తెలియని శిఖరాలకు రోమన్ అంకెలు వేశారు. అందులో ఒకటి పదిహేను.

కోణం చేతికి వచ్చాక అసలు తిప్పలు మొదలు. భూమి గుండ్రం కాబట్టి వంద మైళ్ల దూరంలో ఉన్న కొండ ఆరువేల ఆరువందల అడుగులకు పైగా కిందికి దిగిపోయినట్టు ఉంటుంది. ఆ దూరం గాలిలో వచ్చే వెలుగు వంగుతుంది, అందువల్ల కొండ ఉన్నదానికన్నా పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆ వంపు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. ఎంత వంపుకు ఎంత తీసేయాలన్నదే చిక్కు. వందల అడుగులు అటూ ఇటూ అయిపోతుంది.

ఆరు స్థానాలనుంచి ఆరు ఎత్తులు వచ్చాయి. అన్నిటికన్నా తక్కువ 28,990 అడుగులు, ఎక్కువ 29,026. సగటు 29,002. ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. సరిగ్గా 29,000 వస్తే ఉజ్జాయింపు అనుకుంటారని రెండడుగులు కలిపారట. నేను ఆ ఆరు అంకెలూ కాగితం మీద కూడి ఆరుతో భాగించాను. 29,002 దానంతటదే వస్తుంది, ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. 1955లో మన సర్వే శాఖ మళ్లీ కొలిస్తే 29,029 అడుగులు తేలింది. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. మైదానంలో నిలబడి, కాగితం మీద చేసిన లెక్కలో తప్పు ముప్పై అడుగుల లోపే.

మా మాస్టారు చెప్పిన ఇంకో కథ: రాధానాథ్ పరుగున వా గదిలోకి వెళ్లి, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరాన్ని కనిపెట్టానని చెప్పాడని. క్లాసులో అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత చదివితే తెలిసింది, అప్పటికి రాధానాథ్ కలకత్తాలో ప్రధాన గణకుడు, వా ఉన్నది డెహ్రాడూన్‌లో. పరుగెత్తడానికి మధ్య వెయ్యి మైళ్లకు దగ్గర దగ్గర దూరం ఉంది. డెహ్రాడూన్‌లో హెన్నెసీ వంటి వాళ్లూ ఆ లెక్కల మీద పనిచేశారు. కాబట్టి ఒక్కడే కనిపెట్టాడనడం సరికాదు. కానీ గణకుల పెద్దగా ఆ లెక్కల్లో ఆయన చెయ్యి ఉంది. శిఖరానికి పెట్టింది మాత్రం దాన్ని కొలవని ఎవరెస్ట్ పేరు. పాపం, ఈ దేశస్థులకు తన పేరు నోరు తిరగదని ఆయనే వద్దన్నాడట.

మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. 1852నుంచి కలకత్తాలో వాతావరణ పరిశీలన పనీ ఆయనే చూశాడు. 1854లో ప్యారీచంద్ మిత్రాతో కలిసి ఆడవాళ్లు సులువుగా చదువుకునే వాడుక బెంగాలీలో మాసిక్ పత్రిక నడిపాడు. పెళ్లి చేసుకోలేదు. 1862లో రిటైరై జనరల్ అసెంబ్లీ విద్యాసంస్థలో పిల్లలకు లెక్కలు చెప్పాడు. 1870 మే 17న చందన్‌నగర్ దగ్గర గొందల్‌పాడాలో కన్నుమూశాడు.

అంతటితో అయిపోలేదు. 1851లో అచ్చయిన సర్వే చేతిపుస్తకంలో గణిత భాగాలు ఆయన రాసినవేనని ముందుమాటలో ఒప్పుకున్నారు. ఆయన పోయాక, 1875 ముద్రణలో ఆ భాగాలు అలాగే ఉన్నాయి, ముందుమాటలోంచి పేరు మాత్రం పోయింది. ఫ్రెండ్ ఆఫ్ ఇండియా పత్రిక ఇది చచ్చినవాడి సొత్తు దోచడమేనని దుమ్మెత్తిపోసింది.

2004లో తపాలా శాఖ ఆ మహా సర్వే మీద స్టాంపులు వేసింది. ఒకదాని మీద రాధానాథ్ ఉన్నాడు. అది అంటించిన కవరులో మాస్టారికి ఉత్తరం రాశాను, వా గదిలోకి పరుగెత్తిన కథ నిలవదని, సగటు మాత్రం 29,002 సరిపోయిందని. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. కథ తప్పని ఒప్పుకున్నారు, మీ బ్యాచి వాళ్లందరికీ చెప్పమన్నారు. కింద ఆ ఆరు అంకెలూ మళ్లీ వేసి, కూడి, భాగించి, 29,002 పక్కన చుక్క పెట్టి 3 వేశారు. దశాంశం ఎందుకు వదిలేశావని అడిగారు.