ధర్మవిజయి అశోక చక్రవర్తి

లోకమున రాజ్యముల నేలిన రాజులు పెక్కురు. వారిలో యుద్ధములు గెలిచి గర్వించినవారు లెక్కకు మిక్కిలి కలరు. ఓడిన పిమ్మట పశ్చాత్తాపము పొందినవారును కొందఱు కలరు. కాని గెలిచిన పిమ్మట ఆ గెలుపునకే సిగ్గుపడి, ఆ సిగ్గును దాచుకొనక శిలలపై చెక్కించి, ప్రజలెల్లరును వినునట్లు చేసిన రాజు మిక్కిలి యరుదు. అట్టివాడు మౌర్యవంశజుడగు అశోకుడు. కురుక్షేత్రము ముగిసిన పిమ్మట ధర్మరాజు బంధునాశమునకు వగచి, రాజ్యము విడిచి అడవులకు పోనెంచిన కథ మనమందఱము ఎఱిగినదే. అశోకుని దుఃఖము బంధువుల కొఱకు కాదు. తాను ముఖమైనను చూచి యెఱుగని పరరాజ్యపు ప్రజల కొఱకు. అతడు అడవులకు పోలేదు. సింహాసనము మీదనే యుండి, ఆ దుఃఖమును రాజ్యపాలనగా మార్చెను. అందువలననే యాతని చరిత్రము నేటికిని చదువదగియున్నది.

అశోకుడు చంద్రగుప్త మౌర్యునకు మనుమడు, బిందుసారునకు కుమారుడు. పాటలీపుత్రము వారి రాజధాని. యౌవనమున నతడు తండ్రి యాజ్ఞచే ఉజ్జయినిలో రాజప్రతినిధిగా నుండెనని బౌద్ధ గ్రంథములు తెలుపుచున్నవి. తొంబదితొమ్మండ్రు సోదరులను చంపి రాజ్యమునకు వచ్చెనని సింహళ గ్రంథములలో నొక కథ కలదు. అయితే పట్టాభిషేకమైన పదుమూడేండ్లకు నియమింపబడిన అధికారులు తన యన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర యిండ్ల యందును ధర్మకార్యములు చూచుచుండిరని అశోకుడే యొక శాసనమున చెప్పియున్నాడు. కావున నా కథ మారిన మనస్సుయొక్క తెల్లదనము ప్రస్ఫుటముగా కనబడుటకై, పూర్వజీవితమునకు దట్టముగా పూసిన నలుపని తలచుట న్యాయము. క్రీస్తునకు పూర్వము 268 ప్రాంతమున నతడు పట్టాభిషిక్తుడయ్యెను.

పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకు, అనగా క్రీ. పూ. 261 ప్రాంతమున, అశోకుడు కళింగముపై దండెత్తెను. నేటి ఒడిశా తీరమును, ఉత్తరాంధ్రమున కొంత భాగమును ఆ కాలమున కళింగమై యుండెను. యుద్ధమున మౌర్యులకే జయము కలిగెను. ఆ జయమునకు లెక్క వ్రాయించినవాడు కవి కాడు, శత్రువు కాడు, గెలిచిన రాజే. 1,50,000 మంది తమ నేల నుండి తరలింపబడిరి. 1,00,000 మంది యుద్ధమున హతులైరి. అంతకు పెక్కు రెట్లు జనము ఇతర విధముల మరణించిరి. విజయశాసనములయందు రాజులు తాము తెచ్చిన ఏనుగుల లెక్కయు, బంగారపు లెక్కయు వ్రాయించుట వాడుక. శవముల లెక్క వ్రాయించినవాడు ఇతడు.

అంతటితో ఆ లెక్క ముగియలేదు. కత్తికి బలియైనవారినే కాక, వారి వెనుక మిగిలిన వారిని కూడ అశోకుడు తలచెను. తల్లిదండ్రులకును గురువులకును సేవచేయుచు, మిత్రులను, సేవకులను ఆదరించుచు ధర్మముగా బ్రతుకు గృహస్థులు ఏ దేశమునందైనను ఉందురు. యుద్ధము వచ్చినప్పుడు వారికి గాయమో, మరణమో, ప్రియజన వియోగమో తప్పదు. తాము క్షేమముగా నున్నవారికి సైతము ఆప్తుల దుఃఖమే గాయమగును. ఆనాడు నశించినవారిలో నూఱవ వంతో వేయవ వంతో జనులకు మరల నట్టి యాపద కలిగినను తనకు దుస్సహమని అతడు పదుమూడవ శిలాశాసనమున ప్రకటించెను. శస్త్రవిజయము కంటె ధర్మవిజయమే ఉత్తమమని నిశ్చయించి, తన కుమారులును మనుమలును క్రొత్త దండయాత్రలు తలపెట్టరాదని కోరెను.

ఒక్క రాత్రిలో నీ మార్పు సంపూర్ణమయ్యెనని తలపరాదు. తాను బౌద్ధోపాసకుడై రెండున్నర యేండ్లు దాటెననియు, అందు మొదటి యేడు తగినంత పట్టుదల చూపలేదనియు, తరువాత సంఘమును సమీపించిన పిమ్మటనే గట్టిగా పూనుకొంటిననియు అశోకుడు లఘు శిలాశాసనమున తెలిపియున్నాడు. దయ మనస్సున పుట్టుట ఒక యెత్తు, దానిని దినదినాభ్యాసముగా చేసికొనుట మఱియొక యెత్తు. అతడు రెండవ పనికే మిగిలిన జీవితమును వినియోగించెను.

మార్పు మొదట తన యింటనే మొదలయ్యెను. రాజభవనపు వంటశాలలో పూర్వము దినమునకు లక్షలకొలది ప్రాణులు వధింపబడుచుండెడివట. ఆ సంఖ్యను రెండు నెమళ్లకును ఒక లేడికిని తగ్గించి, ఆ మూడింటిని కూడ మున్ముందు చంపబోమని ప్రకటించెను. పూర్వపు రాజుల వేటయాత్రలు మాని, పదియవ యేట బోధివృక్షమున్న స్థలమును దర్శించి, నాటి నుండి ధర్మయాత్రలు చేసెను. ఆ యాత్రలలో పెద్దలను దర్శించుట, దానములిచ్చుట, పల్లెప్రజలతో మాటలాడుట ముఖ్యకార్యములు. ప్రజల పని మీద వచ్చిన వార్త, తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, ఉద్యానమున విహరించుచున్నను, వెంటనే తనకు తెలుపవలెనని ఆజ్ఞాపించెను.

తరువాత రాజ్యమంతట మనుష్యులకును పశువులకును వైద్యము చేయు ఏర్పాటు చేసెను. ఓషధులు లభింపని చోట్లకు వానిని తెప్పించి నాటించెను. బాటల ప్రక్కన మఱ్ఱిచెట్లను, మామిడితోపులను పెంచి, బావులు త్రవ్వించి, విశ్రాంతిగృహములు కట్టించెను. ఈ చికిత్సలు తన రాజ్యముననే కాక, సరిహద్దున నున్న చోళ, పాండ్య, కేరళపుత్ర రాజ్యములందును, సింహళమునను, యవనరాజగు అంతియోకుని దేశమునను ఏర్పడినట్లు రెండవ శిలాశాసనము చెప్పుచున్నది. సేనలు పోదగిన సరిహద్దులను మందుమొక్కలు దాటెను.

గ్రామ పరిపాలన తెలిసినవారికి ఆతని శాసనములలో మిక్కిలి రుచించునది అధికారులను గూర్చిన భాగము. రాజుకులను పేరుగల యధికారులు లక్షలాది ప్రజలపై నియమింపబడిరి. రజ్జువనగా త్రాడు. ఈ పేరునకు పొలము కొలుచు త్రాడే మూలమని పండితులు చెప్పుదురు. ఒక తల్లి తన బిడ్డను నేర్పుగల దాది చేతికి ఇచ్చి నిశ్చింతగా నుండునట్లు, తాను ప్రజలను వారికి అప్పగించితినని అశోకుడు వ్రాయించెను. త్రాడు పట్టి నేల కొలుచువాడు దాది మనస్సు కలవాడై యుండవలెనని దీని భావము. కళింగమునందలి ధౌలి, జౌగడ శిలలపై నగరాధికారులకు ప్రత్యేకముగా చేసిన హెచ్చరిక యున్నది. కారణము లేకయే యొకడు చెఱసాలలో పడుటయో, దండింపబడుటయో జరుగుచున్నదనియు, అసూయ, కోపము, కాఠిన్యము, తొందరపాటు, సోమరితనము కల యధికారి న్యాయము చేయజాలడనియు అందు కలదు. మనుష్యులందఱును తనకు బిడ్డలనియు, బిడ్డలకు కోరు ఇహపర సుఖములనే యందఱికిని కోరుదుననియు ఆతడు పలికినది ఈ శిలలపైననే. ఏ ప్రజలను తన సైన్యము నరికెనో, ఆ ప్రజల యెదుటనే ఈ మాట వ్రాయించెను.

పన్నెండవ శాసనమున మతసామరస్యమును బోధించెను. తాను బౌద్ధుడైనను, తన మతమును అదను కాని వేళ పొగడుటయు, పరమతమును నిందించుటయు తగదనెను. పరమతమును కించపఱచువాడు తన మతమునకే కీడు చేయుచున్నాడని హెచ్చరించెను. ఈ మాట పలుకుటతో నూరకుండక, బరాబరు కొండలలో ఆజీవికులకు గుహలు తొలిపించి యిచ్చెను. బుద్ధుడు జన్మించిన లుంబినీ గ్రామమునకు ఇరువదియవ యేట స్వయముగా పోయి, ఆ గ్రామపు పంటపన్నును ఎనిమిదవ వంతుకు తగ్గించెను.

అశోకుని దేవునిగా చేసి కొలుచుట అతనికే న్యాయము కాదు. కళింగమును తిరిగి కళింగులకు విడిచినట్లు ఏ శాసనమునను లేదు. సైన్యమును రద్దుచేసినట్లును లేదు. అడవిజాతులను దయతో చూచుచునే, దండించు శక్తియు తనకు కలదని గుర్తుచేసెను. మరణదండనమును ఎత్తివేయలేదు, శిక్ష పడినవానికి మూడు దినముల గడువు మాత్ర మిచ్చి, ఆ గడువులో బంధువులు మనవి చేసికొనుటకో, వాడు పరలోకచింత చేసికొనుటకో వీలు కల్పించెను. పశ్చాత్తాపము తెలుపు పదుమూడవ శాసనము కళింగపు శిలలపై లేదు. గాయపడినవారి కన్నుల యెదుట ఆ గాయపు లెక్కను నిలుపలేకపోయెనేమో! ఇట్టి లోపములు ఉండుటచేతనే యాతని ప్రయత్నము మనుష్యప్రయత్నముగా కనబడుచున్నది. రాజ్యమను బండి నడచుచుండగనే దాని చక్రమును మార్చుటకు పూనినవాడు అన్నియు మార్చలేకపోయెను. అయినను మూడు దినముల గడువు పొందిన ఖైదీకి అది స్వల్పము కాదు.

క్రీ. పూ. 232 ప్రాంతమున అశోకుడు మరణించెను. కడపటి దినములలో అతని దానములను మంత్రులు అడ్డగింపగా, చేత మిగిలిన సగము ఉసిరికాయను భిక్షుసంఘమున కిచ్చెనని యొక బౌద్ధ గాథ కలదు. అది చరిత్రమో కల్పనయో, జంబూద్వీపము నేలినవానికి తుదకు తనదని చెప్పదగినది ఎంత మిగులునో అది తెలుపుచున్నది. తరువాత ఏబది యేండ్లు గడవకమున్నే, క్రీ. పూ. 185 ప్రాంతమున, మౌర్యరాజ్యము అంతరించెను. కాలక్రమమున ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. పశువులకాపరులు ఆ శిలల నీడన కూర్చుండిరి కాని, అవి యేమి చెప్పుచున్నవో యెఱుగరైరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి మర్మమును విప్పెను. శాసనములలో కానవచ్చు ప్రియదర్శి యను బిరుదము అశోకునిదే యని 1915లో దొరకిన మస్కి శాసనము స్థిరపఱచెను. 1947లో నతని ధర్మచక్రము మన జాతీయపతాకమునను, 1950లో సారనాథ సింహములు మన రాజ్యముద్రయందును చేరెను.

తెలుగువారికి ఈ చక్రవర్తి పరాయివాడు కాడు. పదుమూడవ శాసనమున ఆంధ్రుల పేరు కలదు. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపముననున్న ఎఱ్ఱగుడి శిలలపై ఆతని శాసనములు నేటికిని నిలిచియున్నవి. ఆ జిల్లాయందే రాజులమందగిరిలో మఱియొక శాసనమున్నది. అందలి బ్రాహ్మీ అక్షరములే శతాబ్దములుగా రూపు మార్చుకొనుచు మన తెలుగు లిపికి మూలమైనవి.

ఆ కాలమున చదువు వచ్చినవారు ఎందఱో లేరు. కావున తిష్యనక్షత్రపు దినమున ఈ శాసనములను జనులకు చదివి వినిపింపవలెననియు, నడుమ వీలైనప్పుడు ఒక్కడే శ్రోత యున్నను వినిపింపవచ్చుననియు అశోకుడు కళింగపు శిలలపై ఆజ్ఞ వ్రాయించెను. ఒకడు చదువుట, పదుగురు వినుట, విన్నదానిని గూర్చి ఆలోచించుట: గ్రంథాలయము చేయు పనియు నిదియే. లోకమున కలహములు తగ్గలేదు. శవముల లెక్క నేడును వ్రాయబడుచున్నది. ఆ లెక్క చూచి కంటతడి పెట్టువారు కొందఱు, కన్నులు తుడుచుకొని లేచి బాటప్రక్కన నొక బావి త్రవ్వించువారు కొందఱు. రెండవ తెగవారు మన యూళ్లయందు పెరుగుదురు గాక!